ఏడో మాటు

తాల్‌నెస్, 1974 ఏప్రిల్ 21

గున్వోర్‌కి,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. ఇక్కడ మంచు ఇంకా కంచె రెండో కమ్మీ దాకా ఉంది. పొద్దున సున్నాకి నాలుగు డిగ్రీలు కింద. పెద్దమ్మ మోకాలు ఎలా ఉందో అలాగే ఉంది.

దుప్పి వేటలో మీ నాన్న కాచుకుని కూర్చునే మాటు సంగతి అడిగావు. ఏడో మాటు మా తమ్ముడు ఏవర్ట్ పేరున ముప్ఫై ఒక్క ఏళ్ళుంది. వేట జట్టు పద్ధతి ప్రకారం మనిషి పోతే మాటు అతని సంతానానికి వెళ్తుంది. సంతానం నువ్వొక్కదానివే. జట్టు పుస్తకం తీసి చూశాను. కొడుకు అని ఎక్కడా రాయలేదు. రాసినవాళ్ళకి ఆ ఆలోచన వచ్చినట్టు లేదు.

షరతు ఒకటుంది. ఆగస్టు ఆఖరి ఆదివారం మన ఊరి తుపాకుల రేంజిలో, జట్టు అందరి ముందూ, చెక్క దుప్పి మీద నాలుగు తూటాలు కాల్చాలి. రెండు అది నిలబడి ఉండగా, రెండు పట్టాల మీద పరిగెత్తుతుండగా. నాలుగూ గుండె చోట పడాలి. పడకపోతే మాటు జట్టులోని బెర్తిల్ అల్లుడికి వెళ్తుంది. బెర్తిల్ ఇప్పటికే అల్లుడికి కొత్త బూట్లు కొన్నాడు.

మాటంటే ఒక బండరాయి, ఒక పైన్ చెట్టు, ముందు ఎనభై మీటర్ల ఖాళీ. జట్టులోని టోర్‌స్టెన్ కుక్క దుప్పిని లేపుతుంది. అది వస్తే వస్తుంది. తొమ్మిదేళ్ళలో ఆరేళ్ళు రాలేదు. ఇది తెలిసి అడుగుతున్నావనుకుంటాను.

ఫోను చెయ్యకు. ఫోను ఎత్తేది పెద్దమ్మ. నువ్వు చెప్పింది నా దాకా వచ్చేసరికి వేరే సంగతి అవుతుంది.

హిల్డింగ్


సుండ్స్‌వాల్, మే 12

పెదనాన్నా,

మీ ఉత్తరంలో "కొడుకు అని ఎక్కడా రాయలేదు" అన్న ముక్క మా మందుల షాపులో అందరికీ చదివి వినిపించాను. మా షాపు పెద్దావిడ "మీ పెదనాన్న లాయరా?" అంది. "కాదండీ, ఆరేళ్ళే బడికి వెళ్ళాడు" అన్నాను. "అదీ సంగతి" అంది.

తెలిసే అడుగుతున్నాను. నాన్న పోయిన రోజు నుంచీ నాకు ఆ బండరాయి తప్ప ఇంకేమీ గుర్తురావడం లేదు. చిన్నప్పుడు నన్ను దాని మీద కూర్చోబెట్టి "ఇక్కడ మాట్లాడకూడదు" అనేవాడు. నేను మాట్లాడకుండా కూర్చున్నది ప్రపంచంలో ఆ ఒక్క చోటే. దాన్ని బెర్తిల్ అల్లుడు తొక్కుతాడంటే నిద్ర పట్టడం లేదు.

ఇక్కడి షూటింగ్ క్లబ్బులో చేరాను. నేర్పేవాడు ఫోల్కె, సైన్యంలో చేసి వచ్చినవాడు. మొదటి రోజే "నీ చేతులు ఏం పని చేస్తాయి?" అని అడిగాడు. "మిల్లీగ్రాములు తూస్తాయి" అన్నాను. "అయితే పనికొస్తావు. నోరు కూడా కాస్త తూచి వాడు" అన్నాడు.

ఇక్కడ అంతా పద్ధతి. గురి కింద గుంటలో ఒక మనిషి కూర్చుంటాడు. మనం కాల్చగానే తుపాకీ దించాలి, తూటా గదిని మూసే బోల్టు తెరవాలి, చేతులు తీసేయాలి. గుంటలోంచి కర్ర చివర తెల్ల బిళ్ళ పైకి లేచి తూటా ఎక్కడ తగిలిందో చూపిస్తుంది. అది లేచేదాకా కదలకూడదు. ఎవరైనా కదిలితే ఫోల్కె "ఏం నాయనా, బస్సు పోతోందా?" అంటాడు. మొదట్లో విసుగ్గా ఉండేది. ఇప్పుడు ఆ బిళ్ళ కనిపించేదాకా నాకు ఊపిరి కూడా ఆడదు.

నిన్నటి గురి కాగితం ఇందులో పెట్టాను. పది తూటాలు. వాటి మీద కాఫీ కప్పు బోర్లిస్తే ఒక్కటీ కనిపించదు. బెర్తిల్‌కి చూపించండి. చూపించి ఆయన మొహం ఎలా ఉందో రాయండి.

గున్వోర్


తాల్‌నెస్, మే 19

గున్వోర్‌కి,

కాగితం వచ్చింది. మడత రెండు రంధ్రాల మీదుగా పడింది. ఇక మీద చుట్టి పంపు.

కప్పు బోర్లించి చూశాను. నువ్వు చెప్పింది నిజమే. బెర్తిల్‌కి చూపించలేదు. కొన్ని అడగాలి.

తుపాకీ దేని మీద ఆనించి కాల్చావు? ఇసుక సంచీ అయితే ఆ పది తూటాలూ సంచీవి, నీవి కావు. ఏడో మాటులో సంచీ లేదు.

ఏం తొడుక్కుని కాల్చావు? సెప్టెంబరులో నీ ఒంటి మీద రెండు ఉన్ని చొక్కాలు, పైన కోటు ఉంటాయి. తుపాకీ మడమ అప్పుడు భుజం మీద వేరే చోట కూర్చుంటుంది.

కాల్చే ముందు ఏం చేశావు? కాఫీ తాగి కూర్చున్నావనుకుంటాను. మాటులో నాలుగు గంటలు కూర్చుని చలికి బిగుసుకుపోయాక లేస్తావు. లేదా కొండెక్కి వచ్చి కూర్చోకముందే దుప్పి వస్తుంది. రెండు రకాలుగానూ కాల్చి చూడు.

రేంజిలో దుప్పి ఎప్పుడూ పక్కకి తిరిగి నిలబడుతుంది. అడవిలో దానికి ఆ మర్యాద తెలియదు.

ఆఖరిది. మొదటి తూటా తర్వాత రెండో తూటాకి నీకు ఎంతసేపు పడుతుంది?

చేపలు పడుతున్నాయి. పెద్దవి కావు.

హిల్డింగ్


సుండ్స్‌వాల్, జూన్ 9

పెదనాన్నా,

నేను ఆ పది రంధ్రాల కాగితం పంపించి మెప్పు కోసం కాచుక్కూర్చున్నాను. మీరు నాలుగు ప్రశ్నలూ ఒక చేపల సమాచారమూ పంపారు. సరే.

సంచీ తీసేశాను. జూన్ ఎండలో నాన్న ఉన్ని కోటు తొడుక్కున్నాను. క్లబ్బు వెనక గుట్టని కింద నుంచి పైకి రెండుసార్లు పరిగెత్తి వచ్చి, చెట్టుకి ఆనుకుని కాల్చాను. ఫోల్కె కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"మా పెదనాన్న చెప్పాడు."

"ఆయనకి బాగాలేదా?"

కాగితం చుట్టి పంపుతున్నాను. కాఫీ కప్పు కాదు, భోజనం పళ్ళెం బోర్లించుకోండి. అయినా రెండు బయటికి వస్తాయి. నెల రోజుల కష్టం ఒక గుట్ట మింగేసింది. ఇది చూశాక బెర్తిల్ అల్లుడు ఇంకో జత బూట్లు కూడా కొనుక్కోవచ్చు.

రెండో తూటా సంగతి అడిగారు. అది నాకు బాగా గుచ్చుకుంది. మన ఊళ్ళో ఏమంటారో మీకు తెలియనిది కాదు: ఒక మోత మాంసం, రెండు మోతలు అనుమానం, మూడు మోతలు గంజి. అడవిలో తుపాకీ మోగితే వంటింట్లో ఆడవాళ్ళు చేతులాపి లెక్కపెడతారు. నాన్నని ఊరంతా ఒంటిదెబ్బ ఏవర్ట్ అనేది. ఆయనకి ఎప్పుడైనా రెండో తూటా కావలసి వచ్చిందా? నేను ఆయన కూతుర్ని. నాకు రెండోది కావలసి వస్తుందని మీరు ముందే తేల్చేశారన్నమాట.

మీరు నన్ను రావద్దనుకుంటే ఒక్క ముక్కలో రాయండి, ఇన్ని ప్రశ్నలు ఎందుకు.

గున్వోర్


తాల్‌నెస్, జూన్ 16

గున్వోర్‌కి,

పళ్ళెం కాగితం కప్పు కాగితం కంటే మంచిది. ఇందులో నువ్వున్నావు.

ఇక మీద పది తూటాలు కాల్చకు. రోజూ ఒకటే. తుపాకీ చల్లగా ఉండగా, నువ్వు పని నుంచి వచ్చి ఇంకా కుదుటపడకముందే. ఆ ఒక్క రంధ్రం పక్కన తేదీ రాసి పెట్టు. రెండోది మొదటిదాన్ని చూసి దిద్దుకున్నది, మూడోది రెండోదాన్ని చూసి. అడవిలో దిద్దుకోవడానికి ముందొకటి ఉండదు. నాకు మొదటి రంధ్రాలే కావాలి.

రమ్మనీ వద్దనీ నేను రాయలేదు. అది జట్టు పుస్తకం చూసుకుంటుంది.

రెండో తూటా గురించి నేను అడిగింది అలాగే ఉంది. అది కాల్చి పంపేది కాదు. మొదటిది పేలాక నీ చేయి ఏం చేస్తోందో చూసుకో.

హిల్డింగ్

అమ్మాయీ, ఆయన కవరు అంటించబోతుంటే లాక్కుని రాస్తున్నాను. నీ పళ్ళెం కాగితాన్ని కట్టెల కొట్టం తలుపు లోపలివైపు మేకు కొట్టి పెట్టుకున్నాడు. నాకు తెలియదనుకుంటున్నాడు. ఇక్కడ అందరం బాగున్నాం. శనివారం ఆయన బెర్తిల్ అల్లుణ్ణి వెంటబెట్టుకుని ఏడో మాటు దాకా వెళ్ళొచ్చాడు, ఇద్దరూ చెమటతో తడిసి వచ్చారు. ఆ కుర్రాడు మంచివాడేలే, బాగా తింటాడు. పెద్దమ్మ.


సుండ్స్‌వాల్, జులై 7

పెదనాన్నా,

పెద్దమ్మ రాసింది చదివాను. మీరు నన్ను ఎండలో ఉన్ని కోటు తొడుక్కుని గుట్టలెక్కమని పంపి, అక్కడ బెర్తిల్ అల్లుడికి మా నాన్న మాటు చూపిస్తున్నారన్నమాట. దుప్పి ఏ దారిన వస్తుందో, ఎండ ఏ వైపు నుంచి కళ్ళలో పడుతుందో అవి కూడా చెప్పే ఉంటారు. నాకు మాత్రం ప్రశ్నలు.

నాలుగు రోజులు రేంజి మొహం చూడలేదు. తర్వాత మళ్ళీ వెళ్ళాను. మీ కోసం కాదు.

మొదటి రంధ్రాలు పంపుతున్నాను. పధ్నాలుగు రోజులు, పధ్నాలుగు రంధ్రాలు, పక్కన తేదీలు. మూడు గుండె చోట లేవు. దాచలేదు.

నా చేయి ఏం చేస్తోందో చూసుకోమన్నారు. ఫోల్కె నేర్పినట్టే చేస్తోంది. మా క్లబ్బులో ఇంత పద్ధతిగా తుపాకీ దించేవాళ్ళు లేరని ఆయనే అన్నాడు.

గున్వోర్


తాల్‌నెస్, జులై 14

గున్వోర్‌కి,

ఏడో మాటు ముందు బర్చి మొక్కలు మనిషెత్తు పెరిగాయి. ఏవర్ట్ రెండేళ్ళుగా కొట్టలేదు, గుండె నొప్పి వల్ల అయి ఉంటుంది, మాతో చెప్పలేదు. ఎనభై మీటర్ల ఖాళీ ముప్ఫైకి దిగింది. మోటారు రంపం ఉన్నది బెర్తిల్ అల్లుడికి. అందుకని పిలిచాను. కొడుతూ "ఇది ఎవరికి?" అన్నాడు. "ఎవరికి దక్కితే వాళ్ళకి" అన్నాను. అయినా కొట్టాడు. పెద్దమ్మ రాసింది నిజమే, బాగా తింటాడు.

పధ్నాలుగు రంధ్రాలూ చూశాను. ఇవి నిజం. పదకొండు మంచివి. జూన్ 29న ఎడమకి జరిగింది, ట్రిగ్గరు మెల్లగా లాగకుండా గుంజావు. 30న కూడా అంతే. జులై 2న పడింది దుప్పి మీదే కాదు. ఆ రోజు ఏమైంది?

నా మీద కోపంగా ఉన్న రోజుల్లో నీ గురి బాగుంది. ఇది గమనించాను, ఏం చేయాలో తెలియదు.

హిల్డింగ్


సుండ్స్‌వాల్, ఆగస్టు 27

పెదనాన్నా,

జులై 2 నాన్న పుట్టినరోజు.

జవాబు ఆలస్యంగా ఇస్తున్నాను. రంపం సంగతి చదివాక ఏం రాయాలో తెలియలేదు. ఆదివారం ఎదురుగా నిలబడి చెబుదామనుకున్నాను. మీరు ఎదురుగా నిలబడితేనా.

నాలుగింటికి నాలుగు. అందరూ చూశారు. బెర్తిల్ దుర్భిణి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "చెక్క దుప్పి కొరకదు, తల్లీ" అన్నాడు. టోర్‌స్టెన్ ఆయనతో "నువ్వు కాల్చినప్పుడు అది కరుస్తున్నట్టే కాల్చావు కదరా" అన్నాడు. పెద్దమ్మ నన్ను కావిలించుకుంది. మీరు పుస్తకంలో సంతకం చేసి "సరే" అన్నారు. నేను బస్సులో నాలుగు గంటలు ఆ "సరే"ని అటూ ఇటూ తిప్పి చూశాను. దానికి వెనకవైపు కూడా ఏమీ లేదు.

నాలుగు తూటాలకి నాలుగూ తగిలాక ఇక రెండో తూటా మాట ఎత్తరనుకుంటాను.

వచ్చే నెల తొమ్మిదిన, సోమవారం, మాటులో ఉంటాను.

గున్వోర్


సుండ్స్‌వాల్, సెప్టెంబరు 11

పెదనాన్నా,

ఏం జరిగిందో మీరు అడగలేదు. అయినా రాస్తున్నాను.

ఎనిమిదిన్నరకి కుక్క మొరుగు దగ్గరికి వచ్చింది. దుప్పిపోతు బర్చి మోళ్ళ మధ్య నుంచి వచ్చి ఖాళీలో నిలబడింది. అరవై మీటర్లు. మీరు చెప్పినట్టే చెట్టుకి ఆనుకున్నాను. కోటు మీద తుపాకీ సరిగ్గా కూర్చుంది. ఊపిరి సగం వదిలాను. కాల్చాను. తగిలిన చప్పుడు వినిపించింది.

అప్పుడు తుపాకీ దించాను. బోల్టు తెరిచాను. చేతులు తీసేశాను. దుప్పి కాళ్ళ కింద నుంచి తెల్ల బిళ్ళ ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ నిలబడ్డాను.

అక్కడ గుంట లేదు పెదనాన్నా. బ్లూబెర్రీ పొదలున్నాయి. నేను ఆ పొదల వైపు చూస్తున్నాను, దుప్పి నా వైపు చూస్తోంది. ఇద్దరం ఫలితం కోసం ఆగినట్టు. ఎంతసేపో తెలియదు, ఇంకో రెండు తూటాలు కాల్చేంత సేపు. చివరికి దానికే ముందు విసుగొచ్చింది. నడుచుకుంటూ చెట్లలోకి వెళ్ళిపోయింది. పరిగెత్తను కూడా లేదు.

తర్వాత మీకు తెలుసు. టోర్‌స్టెన్, కుక్క, నెత్తురు చుక్కలు, వాగు దగ్గర అవి ఆగిపోవడం, వాన. సాయంత్రం దాకా వెతికాం. మీరు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మంగళవారం పొద్దున మీరు కాఫీ తాగి, నా వైపు చూడకుండా, లాంతరూ తాడూ తీసుకుని వెళ్ళిపోయారు. నేనిక అక్కర్లేదని అప్పుడర్థమైంది. మొదటి బస్సుకి వచ్చేశాను.

ఎక్కడో అది ఇంకా నడుస్తూ ఉంటుంది. పని చేస్తుంటే కూడా కనిపిస్తోంది. మాటు బెర్తిల్ అల్లుడికి ఇచ్చేయండి.

గున్వోర్


తాల్‌నెస్, సెప్టెంబరు 15

గున్వోర్‌కి,

దుప్పి దొరికింది. మంగళవారం పదకొండున్నరకి. వాగు దాటి ఆరు వందల మీటర్లు, పక్క జట్టు నేల మీద. సోమవారమే చచ్చిపోయింది, నడవడం లేదు. నీ తూటా నాలుగు వేళ్ళు వెనక్కి పడింది. చెక్క దుప్పి మీద ఆ చోటుకి పదికి తొమ్మిది మార్కులిస్తారు. రెండో తూటా ఉంటే అది ఖాళీ దాటేది కాదు. మాంసంలో సగం పనికొచ్చింది.

నిన్ను లేపకుండా వెళ్ళానని అనుకున్నాను. నువ్వు లేచే ఉన్నావని తెలియదు. దుప్పి దొరక్కముందు మాట్లాడే అలవాటు నాకు లేదు. తిరిగి వచ్చేసరికి నువ్వు లేవు. కాల్చినవాళ్ళు దొరికేదాకా ఉండాలి. అవతలి జట్టు నేల మీద పడితే కాల్చినవాళ్ళే వెళ్ళి, టోపీ తీసి, అడిగి తెచ్చుకోవాలి. నీ బదులు నేను వెళ్ళాను. జట్టుకి దుప్పి పోయినందుకంటే నువ్వు పోయినందుకు కోపంగా ఉంది. నేనే ఉండమని చెప్పాల్సింది. నీకు తెలుసనుకున్నాను.

బిళ్ళ సంగతి. నీ మే నెల ఉత్తరం మళ్ళీ చదివాను. అంతా అందులో ఉంది. నేను సంచీ గురించి, కోటు గురించి అడిగాను, బిళ్ళని వదిలేశాను. ఆగస్టులో నువ్వు నాలుగుసార్లు తుపాకీ దించావు. పక్కనే ఉండి చూశాను. రేంజిలో మేమూ దించుతాం. నాకేమీ అనిపించలేదు. చేయి మనం నేర్పింది నేర్చుకోదు, మనం చేసింది నేర్చుకుంటుంది. ఈ తప్పు నాది కూడా.

ఇప్పుడు రాసేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. 1958లో మీ నాన్న అదే ఖాళీలో ఒక పోతుని కొట్టాడు. నేను ఆరో మాటు నుంచి గట్టు మీదుగా చూస్తున్నాను. తగిలింది. నిలబడింది. ఏవర్ట్ తుపాకీ దించుకుని అది పడేదాకా ఆగాడు. ఒంటిదెబ్బ అన్న పేరు అప్పటికే ఉంది, రెండో మోత వినపడనివ్వలేదు. అది నడుచుకుంటూ వెళ్ళి సరస్సులో దిగింది. జట్టుతో "గురి తప్పింది" అన్నాడు. నేను ఊరుకున్నాను. మరుసటి ఏడు మే నెలలో నాకు అవతలి ఒడ్డున దొరికింది, నక్కలు మిగిల్చినంత. కొమ్ములకి రాయి కట్టి నీళ్ళలో వేశాను.

ఆ తర్వాత ఏవర్ట్ ముప్ఫై మీటర్లలోపు వస్తే తప్ప కాల్చలేదు. అందుకే ఒక్క దెబ్బ. అంతకంటే దూరంగా వెళ్ళిపోయినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. రెండో తూటా గురించి నిన్ను ఎందుకు అడుగుతూ వచ్చానంటే ఇదీ.

ఇరవై తొమ్మిదిన జట్టు సమావేశం. మాటు నీ దగ్గర ఉంచాలా తీసేయాలా అన్నది ఒక్కటే విషయం. నువ్వు నా మనిషివి గనక నాకు ఓటు లేదు, మాట ఉంది. ఏవర్ట్ సంగతి చెబితే మాటు నిలుస్తుందనుకుంటాను, ఎందుకంటే అప్పుడు అతని మాటు ఎవరూ తీయలేదు. చెబితే అతని పేరు పోతుంది. ఆ పేరు నాది కాదు, నీది. ఏం చేయాలో రాయి.

హిల్డింగ్


సుండ్స్‌వాల్, సెప్టెంబరు 22

పెదనాన్నా,

చెప్పకండి.

రెండు రోజులు ఆలోచించాను. నాకు మాటు కావాలి. ఇప్పుడు ముందుకంటే ఎక్కువ కావాలి. కానీ నాన్న సమాధి మీది నుంచి ఎక్కి ఆ రాయి మీద కూర్చోలేను. బెర్తిల్ గెలిస్తే గెలుస్తాడు, అల్లుడు కూర్చుంటే కూర్చుంటాడు. మొక్కలు కొట్టింది అతనే కదా.

పక్క జట్టు నాయకుడికి ఉత్తరం రాశాను. టోపీ ఉత్తరంలో తీయడం ఎలాగో తెలియక, దుప్పిని కొట్టింది నేనూ, రావలసింది నేనూ, రాలేదు అని రాశాను. మీకూ అదే రాస్తున్నాను. ఉండాల్సింది.

ఫోల్కెకి అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. కుర్చీలో కూర్చుండిపోయాడు. "నేను ముప్ఫై ఏళ్ళుగా ఎంతమందికి నేర్పానో" అన్నాడు. ఇప్పుడు క్లబ్బు మూశాక నాకోసం గంటసేపు ఉంటున్నాడు. గుంటలో ఎవరూ ఉండరు. కాల్చి, తుపాకీ భుజం మీదే ఉంచి, కన్ను తీయకుండా బోల్టు లాగి, మళ్ళీ కాల్చి, అప్పటికీ చూస్తూనే ఉండాలి. మొదటి రోజు నా తుపాకీ ఆరుసార్లు దానంతటదే దిగింది. ఏడోసారి దిగబోతుంటే ఫోల్కె కింద నుంచి చీపురుకర్రతో పట్టుకున్నాడు. నిన్న ఒక్కసారే దిగింది.

రెండో తూటాకి ఎంతసేపని మేలో అడిగారు. ఇప్పుడు రెండు సెకన్లు. మాటు ఉన్నా లేకపోయినా.

నాన్న నాతో ఎప్పుడూ ఆ దుప్పి సంగతి చెప్పలేదు. ఆ రాయి మీద అంత మౌనంగా ఎందుకుండేవాడో ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది.

గున్వోర్


తాల్‌నెస్, సెప్టెంబరు 30

గున్వోర్‌కి,

నిన్న సమావేశం అయింది. పదకొండు మందిమీ వచ్చాం. కత్తులు సాన పట్టే కొట్టంలో కూర్చున్నాం, పొయ్యి పొగ వేసింది.

బెర్తిల్ ముందు మాట్లాడాడు. "చెక్క మీద కొట్టింది, కాదనను. అడవిలో కొట్టింది, అదీ కాదనను. దుప్పి దొరక్కముందు బస్సెక్కింది. ఇది జట్టా, బస్టాండా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నీ ఉత్తరం జేబులో ఉంది. "నేను చెప్పేదేమీ లేదు" అన్నాను.

టోర్‌స్టెన్ "ఉంది" అన్నాడు.

"లేదు."

"ఉందయ్యా. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. ఏవర్ట్ దుప్పి."

నేను లేచాను. ఎందుకు లేచానో తెలియదు, తలుపు నాకు దూరంగా ఉంది. బెర్తిల్ అన్నాడు, "ఏది, సరస్సులోదా?"

నేను మళ్ళీ కూర్చున్నాను. టోర్‌స్టెన్ చెప్పాడు, ఆ వసంతంలో అతని కుక్క దుప్పి కాలెముక ఒకటి ఇంటికి తెచ్చిందట. కుక్కని ముందు పెట్టుకుని సరస్సు అవతలికి నడిచి వెళ్ళాడట. బెర్తిల్ అప్పుడు పడవలో వలలు తీస్తున్నాడట. నేను కొమ్ములకి రాయి కట్టడం చూశాడట. "రాయి చిన్నది కట్టావు. జూన్‌లో తేలింది. నేనే ఇంకోటి కట్టాను" అన్నాడు. మిగతావాళ్ళలో ఐదుగురికి వీళ్ళిద్దరూ విడివిడిగా చెప్పారు, ఎవరికీ చెప్పొద్దని. అందరూ ఏవర్ట్ మొహం చూసి ఊరుకున్నారు, నా మొహం చూసి ఇంకా ఊరుకున్నారు. "నువ్వంత కష్టపడి దాస్తుంటే మధ్యలో ఎలా చెప్పమంటావు?" అన్నాడు టోర్‌స్టెన్.

పదహారేళ్ళు నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను.

కాబట్టి నేను చెప్పలేదు. నువ్వు వద్దన్నది జరిగింది, కానీ నేను చేయలేదు. అతని పేరు పోలేదు కూడా. ఆ పేరు ఎలా వచ్చిందో వాళ్ళందరికీ ఎప్పటినుంచో తెలుసు. తెలిసే పిలిచేవాళ్ళు.

పక్క జట్టు నాయకుడు నీ ఉత్తరం మా జట్టుకి పంపాడు. మాలో హెల్గే దాన్ని చదివాడు. "రావలసింది నేనూ, రాలేదు" అన్న చోట ఎవరూ దగ్గలేదు. ఓటు వేశారు. ఎనిమిది మంది ఉంచాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. బెర్తిల్ ఏ వైపో చెప్పకూడదు. అతను నాకేసి చూసి "ఏవర్ట్ మాటు అప్పుడు మనమేం తీశాం కనక" అన్నాడు.

షరతులు రెండు. వచ్చే సోమవారం, ఏడో తేదీ, రెండో విడత వేట మొదటి రోజు నువ్వు మాటులో ఉండాలి. నువ్వు కాల్చింది దొరికేదాకా బస్సు లేదు.

జట్టు పుస్తకంలో "ఏడో మాటు: గున్వోర్" అని రాశాను. మిగిలింది రాయలేదు.

సమావేశం పన్నెండుకి అయిపోవాల్సింది. మూడైంది. ఓటు అయ్యాక ఎవరూ లేవలేదు. హెల్గే ఉన్నట్టుండి 1949లో తను కొట్టి పోగొట్టుకున్న దుప్పి సంగతి మొదలుపెట్టాడు. తర్వాత పక్కవాడు. అలా ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. బెర్తిల్‌ది అందరికంటే పొడుగు. ఓటు లేకుండా మూల కూర్చున్న వాళ్ళ అల్లుడు, ఇంకా ఒక్క దుప్పినీ కొట్టనివాడు, నోరు తెరుచుకుని విన్నాడు.

ఆఖరున నా వంతు వచ్చింది. నావి రెండున్నాయి. ఒకటి చెప్పాను. రెండోది నీకు చెబుతాను, సోమవారం మాటు దగ్గర, దుప్పి రాకపోతే.

హిల్డింగ్